తొవ్వ పొంటి దానం

1951 మార్చి 8న వినోబా భావే పౌనార్ ఆశ్రమం నుంచి హైదరాబాద్ వైపు బయలుదేరినప్పుడు రైలు టిక్కెట్టు కొనే ఉద్దేశం ఆయనకు లేదు. పేదరికం వల్ల కాదు. డబ్బుతో పని లేకుండా బతకాలని ఆశ్రమంలో అప్పటికే ‘కాంచన ముక్తి’ మొదలుపెట్టి ఉన్నాడు. తిండి తామే పండించుకోవాలి, బట్ట తామే నేసుకోవాలి, ఎవరి విరాళమూ పుచ్చుకోకూడదు. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరుగుతోంది, మీరు రాకపోతే ఎట్లా అని మిత్రులు పట్టుబట్టారు. వస్తాను, కానీ నడిచే వస్తాను అన్నాడు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్ళు. కడుపులో పుండు. పాలు, పెరుగు తప్ప పెద్దగా ఏమీ పడని ఒళ్ళు. యవత్మాల్ దాటి, పెన్‌గంగ దాటి, ఆదిలాబాద్ జిల్లాలో కాలుపెట్టి, నిర్మల్ తొవ్వన గోదావరి అవతలికి పోయి, నిజామాబాద్ మీదుగా ఏప్రిల్ 7న శివరాంపల్లి చేరాడు. మూడు వందల మైళ్ళ పైమాటే.

ఆ పోకలో మా ఆదిలాబాద్ జిల్లా ఆయనకు ఒక్క గుంట భూమి కూడా ఇవ్వలేదు. అడిగితే కదా ఇవ్వడానికి. తెల్లవారుజామున లాంతరు పట్టుకొని నడిచాడు, మాపటిపూట ఊళ్ళో ప్రార్థన చేశాడు, మాట్లాడాడు, పడుకున్నాడు, మళ్ళీ లేచి పోయాడు. పోయేటప్పుడు ఆయన బాటసారి మాత్రమే. మళ్ళీ అదే జిల్లాలోకి జూన్‌లో ఇంకో దిక్కు నుంచి వచ్చేసరికి దేశమంతా పేరు తెలిసిన యాచకుడు. మూడు నెలల లోపల ఇంత తేడా ఎట్లా వచ్చిందన్నది నాకు బడిలో పాఠం చెప్పిన రోజుల నుంచీ ఇష్టమైన ప్రశ్న. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో భూదానానికి ఒక పేరా దొరికేది. ఆ పేరాలో పోచంపల్లి ఉండేది, మేం కూర్చున్న లక్షెట్టిపేట చుట్టుపట్ల సంగతి ఉండేది కాదు. పిల్లలకు తమ జిల్లా పేరు పుస్తకంలో కనబడకపోతే చరిత్ర ఎక్కడో నల్లగొండలో జరిగిందనుకుంటారు. అందుకే పేరా చదివించి, పుస్తకం మూయించి, మిగతాది నోటితో చెప్పేవాణ్ణి.

పోచంపల్లి సంగతి అందరికీ తెలిసిందే, అయినా క్లుప్తంగా. సమ్మేళనం అయిపోయాక శ్రీరామనవమి నాడు, ఏప్రిల్ 15న, వినోబా హైదరాబాద్ జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిశాడు. ఆ తర్వాత కమ్యూనిస్టుల సాయుధ పోరాటం జరుగుతున్న నల్లగొండ పల్లెల్లోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనవాడకు పోతే అక్కడి నలభై కుటుంబాల వాళ్ళు ఎనభై ఎకరాలుంటే బతుకుతాం అన్నారు. ప్రభుత్వానికి రాస్తానన్నాడు మొదట. తర్వాత ఊరివాళ్ళ వైపు తిరిగి, మీలో ఎవరైనా ఇయ్యగలరా అని అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. అక్కడి నుంచి అడగడం ఆగలేదు. నీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడనుకో, ఆరో పాలు నాకియ్యి అనేవాడు. యాభై ఒక్క రోజుల్లో తెలంగాణ పల్లెలు రెండు వందల దాకా తిరిగితే 12,201 ఎకరాలు వచ్చాయి.

ఆ యాభై ఒక్క రోజుల చివరి భాగం మాది. నల్లగొండ నుంచి వరంగల్, వరంగల్ నుంచి కరీంనగర్, అక్కడి నుంచి గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలోకి, ఆపైన చాందా వైపు. రోహిణి కార్తె రోజులవి. మా వైపు రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో ఒక బక్క మనిషి నడుచుకుంటూ మంచిర్యాల వైపు వస్తున్నాడని విని చూడబోయినవాళ్ళలో మా తాత ఒకడు. తాతకు ఇయ్యడానికి భూమి లేదు, పుచ్చుకునే కులమూ కాదు. కాబట్టి తీరికగా చూసి వచ్చాడు. ఏం చూసినవ్ తాతా అంటే ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు: “అడిగెటోడు ఎండల నడుసుకుంట అచ్చిండు, ఇచ్చెటోడు గడంచెల కూసోని ఉన్నడు. గా దొరకు శరమైంది రా. శరమై ఇచ్చిండు.”

తాత మాటను నేను తేలిగ్గా తీసుకోను. భూదానం మీద రాసిన పెద్ద పెద్ద వ్యాసాల్లో రెండు వాదాలు కనబడతాయి. దాతల మనసు కరిగిందని ఒకటి. ఉన్నదంతా పోతుందన్న భయంతో కొంత వదులుకొని మిగతాది కాపాడుకున్నారని ఇంకొకటి. భయం నిజమే. 1948 సెప్టెంబరు దాకా దొరలు గడీలు వదిలి పట్నాలకు పారిపోయారు. పోలీసు చర్య తర్వాత సైన్యం వెనకాల తిరిగి వచ్చారు. పంచిన భూములు మళ్ళీ గుంజుకున్న ఊళ్ళున్నాయి. 1951 వేసవిలో పోరాటం ఇంకా అధికారికంగా ఆగలేదు, విరమణ ప్రకటన ఆ అక్టోబరులో గానీ రాలేదు. అట్లాంటి కాలంలో దొర ముందు నిలబడి భూమి అడగడానికి వచ్చినవాడు తుపాకితో రాలేదు, సర్కారు కాగితంతో రాలేదు, జీపులో రాలేదు. కాలినడకన వచ్చాడు. భయపడ్డవాడికైనా, కరిగినవాడికైనా ఇవ్వడానికి మర్యాదైన దారి ఒకటి కావాలి. ఆ దారి ఆ నడక వేసింది. తాత చెప్పిన శరం అదే. భయంతోనే ఇచ్చారన్న కమ్యూనిస్టుల విమర్శ తప్పని నేననను. నేలను గెల్చుకున్న రైతులు వేలల్లో ఉన్నారు, వాళ్ళ పోరాటాన్ని పక్కన పెట్టి వినోబా నడక ఒక్కదాన్నే చూస్తే లెక్క తప్పుతుంది. ఆ భయం లేకుండా ఈ శరం ఒక్కటే పన్నెండు వేల ఎకరాలు రాల్చేది కాదు.

నడిచి అడగడమన్నది మా వైపు వినోబాతో మొదలైందని మాత్రం అనుకోవద్దు. కరీంనగర్ పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఆశ్రిత కులాల రాకపోకలు తెలుసు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం పటం పరిచి చెప్పేవాళ్ళు. గౌండ్లకు గౌడజెట్టివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు. ఒక్కో కుటుంబానికి ఇన్ని ఊళ్ళు అని మిరాశీ ఉండేది. ఆ ఊళ్ళు వాళ్ళు తిరగాల్సిందే, వేరేవాడు ఆ పొలిమేరలో కాలు పెట్టకూడదు. కొందరి దగ్గర ఆ హక్కులు రాసిన రాగిరేకులు ఉండేవి. పంటలు ఇంటికొచ్చాక సామాను గాడిదల మీదనో, బండ్ల మీదనో వేసుకొని, పిల్లాజెల్లాతో నడిచి వచ్చేవాళ్ళు. ఊరి బయట గుడారం. మూడు రాత్రులో, అయిదు రాత్రులో కథ. చివరి రోజు త్యాగం. వడ్లో, పైసలో, బర్రెదూడో ఇచ్చి కుల పెద్దమనుషులు పంపేవాళ్ళు.

దీన్ని భిక్షమంటే వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం న్యాయమే. కులం పుట్టుక కథ, తాతముత్తాతల పేర్లు, దేవుడి పటం వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇంటివాళ్ళ దగ్గర వడ్లున్నాయి. త్యాగం తగ్గితే నిలదీసేవాళ్ళు. నా చిన్నప్పుడు అట్లా ఒకాయన కథ మధ్యలో ఆపి, పోయినసారి ఇస్తానన్న దూడ ఏదని మా వాడకట్టులో ఒక పెద్దాయన్ని పేరుపెట్టి అడగడం విన్నాను. జనం నవ్వారు. పెద్దాయన మర్నాడు దూడను తోలాడు. మూడేళ్ళకో అయిదేళ్ళకో తప్పకుండా మళ్ళీ వస్తాడు కాబట్టి ఆ మనిషికి ఆ హక్కు. బాకీ గుర్తుంటుంది, వసూలు చేసేవాడు నడిచి వస్తాడు.

గోదావరికి ఇవతల, అడవి వైపు, ఇదే పని పర్దాన్‌లది. గోండుల ఇళ్ళకు వాళ్ళు కథకులు. కికిరి మీద కమాను లాగుతూ వంశాల పుట్టుక, దేవతల గాథలు పాడతారు. వంశ దేవుడు పెర్సాపేన్ పూజకైనా, చనిపోయినవాళ్ళ కర్మకైనా పర్దాన్ లేకపోతే నడవదు. జోడేఘాట్‌లో కొమురం భీమ్ 1940లో నేలకొరిగిన తర్వాత ఈ కొండల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకున్న నిజాం సర్కారు ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. 1948లో ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద ఆయన అచ్చువేసిన పెద్ద పుస్తకంలో సగం బలం పర్దాన్‌ల నోటి నుంచి వచ్చిందే. రాసుకున్నది దొర, చెప్పింది నడిచి తిరిగే మనిషి. బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన పోయాక కొన్నేళ్ళకు అస్థికలు అక్కడికే వచ్చాయి.

ఇప్పుడు అసలు నడక దగ్గరికి వస్తాను. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. పేపర్లలో జాతర ఫొటోలు, మంత్రులు కూర్చున్న దర్బారు ఫొటోలు వస్తాయి. దర్బారు 1940లలో హైమన్‌డార్ఫ్ కాలంలో పెట్టిందే. గిరిజనులు అంతమంది ఒకచోట చేరుతున్నప్పుడు అధికారులే వాళ్ళ దగ్గరికి వచ్చి కష్టసుఖాలు వినాలని. మంచిదే. కానీ జాతరకు ముందు జరిగే నడకకు అన్ని ఫొటోలుండవు, తెల్లవారుజామున అడవిలో ఫొటోగ్రాఫర్లు దొరకరు.

పుష్యంలో నెలవంక కనబడగానే నాగోబాను కొలిచే గోండుల మెస్రం వంశం వాళ్ళ పని మొదలవుతుంది. ముందు ఎడ్లబండి కచ్చురం కట్టి బంధువుల ఊళ్ళు తిరిగి జాతర కబురు చెప్తారు. సిరికొండలో గుగ్గిల్ల వంశం కుమ్మరులకు కుండలు చేయమని చెప్పి వస్తారు. ఇది ఏనాటి నుంచో వస్తున్న ఏర్పాటు. దేవుడు గోండులవాడు, కుండ కుమ్మరిది, బజార్లో దొరికే కుండ పనికిరాదు. తర్వాత కేస్లాపూర్‌లో పెద్దలు కూర్చొని ఏ రోజు బయలుదేరేది, ఏ ఊళ్ళో పడుకునేది తేల్చుకుంటారు. అప్పుడు నీళ్ళు తెచ్చే పాత్ర, ఝరి, తీసుకొని గోదావరికి నడక. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు అనే చోట గోదావరి నీళ్ళు పట్టుకోవాలి. నేరుగా రోడ్డున పోయినా డెబ్బై కిలోమీటర్లకు తక్కువ కాదు. వాళ్ళు నేరుగా పోరు. బంధువుల ఊళ్ళు చూసుకుంటూ, ఒక్కో రాత్రి ఒక్కో గూడెంలో ఆగుతూ పోతారు. తెల్ల ధోవతి, తెల్ల రుమాలు, కాళ్ళకు చెప్పులుండవు.

పుష్యంలో ఉట్నూరు గుట్టల చలి ఎట్లా ఉంటుందో కరీంనగర్‌వాళ్ళకు చెప్పినా నమ్మరు. తెలంగాణలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత ఏ ఊళ్ళో నమోదైందని జనవరిలో రేడియో పెడితే ఆదిలాబాద్ పేరే మాటిమాటికీ వినబడుతుంది. ఆ చలిలో పొద్దు పొడవక ముందే కంకర తొవ్వ మీద ఉత్తకాళ్ళతో వరసగా నడుస్తుంటారు. జన్నారంలో పనిచేసిన కాలంలో వాళ్ళ వెనకాల కొంత దూరం నడిచాను, చెప్పులతోనే. కూడా నడవొచ్చునా అని అడిగితే ఒక పెద్దాయన నా కాళ్ళ వైపు చూసి, “ఎనుకనుంచి రా సారూ, ముంగట మావోళ్ళుంటరు” అన్నాడు. గంగాజల యాత్ర వాళ్ళ వంశానిది, చూసేవాడు చూసేచోట ఉండాలి. కవ్వాల్ అడవిలో టేకు చెట్ల మధ్య ఎవరూ పెద్దగా మాట్లాడరు. గూడెం రాగానే డప్పు, కాలికొమ్ము మోగుతాయి, ఆడవాళ్ళు కాళ్ళకు నీళ్ళు పోస్తారు, జొన్న గట్క, పప్పు పెడతారు. ఆ గూడెం మెస్రంవాళ్ళది కాకపోయినా పెడతారు. పెట్టినవాళ్ళ పేర్లు ఎవరూ కాగితం మీద రాయరు.

గోదావరి నీళ్ళు నింపిన ఝరి తిరిగి వచ్చేటప్పుడు నేల మీద పెట్టరు, ఆగిన చోట చెట్టుకు కట్టి భద్రం చేస్తారు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. వంశంలో ఆ ఏడు పోయినవాళ్ళకు చేసే కర్మ, తూమ్, అక్కడే. మెస్రంవాళ్ళు బస చేసే గోవాడ్‌లో వంటలు ఇరవై రెండు పొయ్యిల మీదే. వచ్చిన మెస్రంవాళ్ళు వేలల్లో ఉన్నా పొయ్యిలు పెరగవు, ఒకరి తర్వాత ఒకరు వండుకోవాలి. ఆడపడుచులు, అల్లుళ్ళు కలిసి పుట్ట మట్టితో పని చేస్తారు. అర్ధరాత్రి మహాపూజ. నడిచి తెచ్చిన నీళ్ళతోనే దేవుడికి అభిషేకం. కొత్త కోడళ్ళను దేవుడికి, పెద్దలకు చూపించే భేటింగ్ ఆ తర్వాత. తెల్ల చీర కప్పుకొని వచ్చే ఆ కోడళ్ళ వరస జాతరలో నాకు అన్నిటికన్నా నచ్చే చూపు. కానీ నా విషయం అది కాదు, డబ్బు.

నాగోబాకు పాత గుడి చిన్నది. రాతితో పెద్ద గుడి కట్టుకోవాలని మెస్రంవాళ్ళు అనుకున్నారు. ప్రభుత్వం ముందు చేయి చాచలేదు, వ్యాపారుల దగ్గరికి పోలేదు, హుండీ డబ్బుల కోసం బ్యానర్లు కట్టలేదు. వంశంలోని ఇళ్ళ మీదే వేసుకున్నారు. రైతు రైతుకు తగ్గట్టు, ఉద్యోగి ఉద్యోగానికి తగ్గట్టు. కొన్నేళ్ళు పోగుచేసి దాదాపు అయిదు కోట్ల రూపాయలతో రాతి గుడి కట్టి 2022 డిసెంబరులో దేవుణ్ణి ప్రతిష్ఠించారు. అయిదు కోట్లంటే పట్నంవాళ్ళకు ఒక అపార్ట్‌మెంటు మాట. పత్తి చేను, కంది చేను, చిన్న ఉద్యోగం మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చిన అయిదు కోట్లు అట్లాంటివి కావు. ఎట్లా కుదిరిందని ఉట్నూరులో నాకు తెలిసిన ఒక గోండు ఉపాధ్యాయుణ్ణి అడిగాను. “సారూ, ఏటా కచ్చురం ఊరూరు తిరుగుతది, నీళ్ళకు పోయెటోళ్ళు ఊరూరు ఆగుతరు. ఎవరింట్ల ఏముందో తెలువదా? ఎగ్గొడితే భేటింగ్‌ల మొఖం చూపియ్యాలె గద” అన్నాడు.

నాకు వినోబా యాత్రలో లేనిది ఇక్కడ కనబడింది. వినోబా అపరిచితులను అడిగాడు, అడిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడని ఎవరికీ భయం లేదు. ఆయన దేశమంతా పదమూడేళ్ళకు పైగా నడిచాడు, ఒక ఊరికి రెండోసారి ఎట్లా వస్తాడు? దానపత్రం మీద సంతకం పెట్టించుకొని పోయాక, ఆ సర్వే నంబరు దాత పేరు మీదే ఉందా, అన్నదమ్ముల తగాదాలో ఉందా, గుట్టబోరా, చెరువు శిఖమా అని చూసేవాడు కావాలి. చూసేవాడు తహసీలు కాయితాల్లోకి పోయేసరికి ఏళ్ళు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం 1965లో వచ్చింది, పోచంపల్లి జరిగిన పద్నాలుగేళ్ళకు. దేశమంతటా నలభై లక్షల ఎకరాలకు పైగా వచ్చిందన్నారు, పంచగలిగింది సగానికి కాస్త పైన. ఇచ్చింది రాళ్ళ నేల అని ఎగతాళి చేయడం సులభం. రాళ్ళ నేల ఇచ్చినవాడి తప్పు ఎంతో, వెనక్కి తిరిగి చూడని ఏర్పాటు తప్పు కూడా అంతే. కూనపులివాడి దగ్గర రాగిరేకు ఉండేది, మూడేళ్ళకోసారి రాక ఉండేది. సర్వోదయంవాళ్ళ దగ్గర కాగితం ఉండేది, రాక లేదు.

వినోబాకు ఇది తెలియలేదనుకోను. 1952లో సంపత్తిదానం అని ఇంకొకటి మొదలుపెట్టాడు. భూమి లేనివాడు ఆదాయంలో ఆరో వంతు ఇవ్వాలి. కానీ ఆ డబ్బు వినోబాకు కాదు. దాత దగ్గరే ఉంటుంది, చెప్పిన మంచిపనికి దాతే ఖర్చుపెట్టాలి, ఏడాదికోసారి లెక్క రాసి పంపాలి. అంటే డబ్బు ముట్టని మనిషి డబ్బు లెక్క రాసే పని కూడా దాత మీదే పెట్టాడు. నేను చూసినంతలో ఇంత తెలివైన చందా పద్ధతి ఇంకోటి లేదు. ఇంత ఆశగా మనిషిని నమ్మింది కూడా ఇంకోటి లేదు. భూదానమంత పేరు దానికి రాలేదు, రాకపోవడం ఆశ్చర్యమూ కాదు. లెక్క అడిగేవాడు గుమ్మంలో లేనప్పుడు లెక్క రాసేవాళ్ళు ఎంతమంది?

నడిచేవాడు ఇచ్చేవాళ్ళ దగ్గరికి రావడమే కాదు, ఇచ్చేవాళ్ళు నడిచేవాడి దగ్గరికి వచ్చే తొవ్వ కూడా మా వైపు ఉంది. హనుమాన్ జయంతికి కరీంనగర్ నుంచి కొండగట్టు దాకా మాల వేసుకున్నవాళ్ళు ఎర్రటి ఎండలో నడుస్తారు. గంగాధర తొవ్వ పొంటి షామియానాలు, మజ్జిగ కుండలు, పులిహోర, అరటిపండ్లు. ఎవరూ అడగరు, అయినా పెడతారు. నడిచేవాళ్ళకు పెడితే నడిచిన పుణ్యంలో పాలు వస్తుందని లెక్క. మజ్జిగ పోసేవాళ్ళలో నడవలేని ముసలివాళ్ళు, ఏ కారణంగానో మాల వేయని దుకాణాలవాళ్ళు కనబడతారు. ప్లాస్టిక్ గ్లాసులు రోడ్డు మీద కుప్పలు పడతాయన్నది వేరే బాధ.

జోలె పట్టడం తెలుగువాళ్ళకు సినిమావాళ్ళ వల్ల కూడా తెలుసు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధుల్లో నడిచి జోలె పట్టారు. మా ఊళ్ళో ఆ ఫొటో పేపర్లో చూసి, వాళ్ళు అడిగితే ఇయ్యకుండా ఎట్లుంటరు అనుకున్నవాళ్ళే అందరూ. అక్కడ నడక పేరుకే, మొహమే పెట్టుబడి.

ఇప్పటి పిల్లలు దీన్నే ఇంకో రకంగా చేస్తున్నారు. హాంకాంగ్‌లో గూర్ఖా సైనికులు తర్ఫీదు కోసం 1981లో మొదలుపెట్టిన నూరు కిలోమీటర్ల నడకను 1986లో మామూలు జనానికి కూడా తెరిచారు, ఆక్స్‌ఫామ్ చేతికి వచ్చింది, ట్రెయిల్‌వాకర్ అన్నారు. నలుగురు జట్టు, 48 గంటలు, ఇంత సొమ్ము తెస్తేనే నడవనిస్తాం అని షరతు. తర్వాత అది బెంగళూరుకు కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న తెలుగు పిల్లలు చాలామంది అట్లాంటి నడకల్లో దిగారు. మా చెల్లె కొడుకు వాళ్ళలో ఒకడు. కిలోమీటరుకు ఇంత అని ఫోన్లో మెసేజి పెడితే నేనూ పంపాను. పంపి అడిగాను, నువ్వు నడిచే తొవ్వ మీద ఊళ్ళున్నయా, అక్కడివాళ్ళు ఏమన్న ఇచ్చిన్రా అని. వాడికి ప్రశ్న అర్థం కాలేదు. తొవ్వ మీదివాళ్ళను అడగరట, ఫోన్లో ఉన్నవాళ్ళను అడుగుతారట. మంచిదే, సొమ్ము ఎక్కువే వస్తుంది. రశీదు కూడా వెంటనే వస్తుంది, పన్ను మినహాయింపుతో సహా. ఆ విషయంలో మా దానపత్రాలకన్నా వాళ్ళ పద్ధతి నూరుపాళ్ళు మేలు. కానీ ఇచ్చేవాడికి నడిచినవాడి కాలి పగుళ్ళు కనబడవు, నడిచినవాడికి ఇచ్చేవాడి ఇంట్లో ఏముందో కనబడదు. కిలోమీటరుకు రేటు కట్టి అడిగి ఉంటే వినోబాకు ఎన్ని ఎకరాలు వచ్చి ఉండేవో నాకు అనుమానమే.

పోయిన దసరాకు వాడు ఇంటికి వచ్చినప్పుడు కొత్త ఆలోచన చెప్పాడు. ఆదిలాబాద్‌లోనే ఏదైనా నడక పెట్టి, ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు చలికోట్లు కొందామంటాడు. కేస్లాపూర్ నుంచి గోదావరి దాకా, మెస్రంవాళ్ళ తొవ్వనే నడిస్తే ఎట్లుంటది మామా అన్నాడు. అది ఆ వంశం తొవ్వ, నీ బ్యానరు అక్కడ కట్టొద్దని చెప్పాను. పెన్‌గంగ నుంచి నిర్మల్ దాకా వినోబా మొదటిసారి ఏమీ అడగకుండా నడిచిపోయిన తొవ్వ ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు. లారీలు ఎక్కువ, నీడ తక్కువ. గుడిహత్నూర్‌లో ఒక రాత్రి, ఇచ్చోడలో ఒక రాత్రి, నేరడిగొండలో ఒక రాత్రి ఆగు, ఫోన్లో కాదు, ఆ ఊళ్ళోవాళ్ళనే అడుగు అన్నాను. అడిగి ఊరుకోవద్దు, కోట్లు పంచిన తర్వాత మళ్ళీ ఆ ఊళ్ళలోంచే నడిచి వచ్చి ఎవరికి ఎన్ని ఇచ్చావో చెప్పాలి అన్నాను. రెండోసారి నడకకు సెలవు దొరకదంటున్నాడు. చలికాలం లోపల తేల్చుకోమన్నాను.